చంద్రుడి తీగ

"జర లే బాపూ, ఇది లేడీస్ సీటు."

ముసలాయన గబుక్కున లేచాడు. కుడికాలు సరిగా వంగదు పాపం, కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ప్రవీణ కూర్చుంది. ఆమె చేవెళ్లలో సైన్సు టీచర్. మొయినాబాద్‌లో ఎక్కేసరికే బస్సు కిక్కిరిసి ఉంది, పైగా చేతిలో పిల్లలకు చూపించాల్సిన బొమ్మ. మట్టి ఉండ భూమి, దాని చుట్టూ తీగ, తీగకు గుచ్చిన పూస చంద్రుడు.

"మేడం, తీగ వంకర పోయింది. సక్కగ చెయ్యాల్నా?" ముసలాయన చెయ్యి చాచాడు.

"అయ్యో, ముట్టకు! కావాలనే వంచిన. చంద్రుడు తిరిగే తొవ్వ అట్లనే జర వాలి ఉంటది. సక్కగ ఉంటే ప్రతి పున్నానికి, అమాసకు గ్రహణమే."

"ఎవలు వంచిన్రు మరి?"

ప్రవీణకు నవ్వొచ్చింది. ఈ వారంలో బడి బయట ఆమెను ఒక మాట అడిగిన మనిషి ఈయనే. కిరాయి గదిలో ఒంటరి బతుకు, ఫోన్ మోగినా కంపెనీ వాళ్ళదే.

"చంద్రుడు పుట్టిన కొత్తల పెద్ద పెద్ద రాళ్ళు పక్కపొంటి పోయినయట. గుద్దలేదు, తాకలేదు. అట్ల పోతుంటెనే ఆ గుంజుడుకు తొవ్వ వాలిందని సైంటిస్టులు అంటరు."

"మరి ఆ రాళ్ళు?"

"ఎటు పోయినయో ఎవలకెరుక?"

అంటూ ఆమె పూసను వేలితో తీగ మీద జరిపింది.

తన బతుకు పక్క నుంచి కూడా ఒకాయన అలాగే వెళ్ళిపోయాడు. పదో తరగతి పరీక్షలప్పుడు రోజూ రోడ్డు మీద, కనకమామిడి ఊరి కమాను దగ్గర బస్సెక్కేది. లెక్కల పరీక్షనాడు అమ్మకు జ్వరం, ఆలస్యమైపోయింది. ఏడుస్తూ పరుగెత్తుతుంటే, ఏనాడూ ఊళ్ళోకి రాని బస్సు ఎదురొచ్చి ఎక్కించుకుంది. ఖాకీ చొక్కా వీపు తప్ప డ్రైవర్ మొహం చూడనేలేదు. మర్నాటి నుంచి డ్రైవర్ మారాడు. ఆ పరీక్ష తప్పితే ఈపాటికి పూలతోటల్లో కైకిలికి పోతుండేది.

"పేరు తెల్వని ఆ అన్నను సల్లగ సూడు ప్రభువా" అని అమ్మ పోయేదాకా ప్రార్థించింది. ఇప్పుడు ఆ మాట ప్రవీణ ఒక్కతే అనుకుంటుంది. ఒక్కసారి కనబడితే చాలు, ఆయన చేతులు పట్టుకుని ఏడవాలని ఉంది.

కమాను వచ్చింది. ముసలాయన ఆమె మీదుగా వంగి కిటికీలోంచి అటే చూశాడు.

"జర దూరం నిలబడరాదూ!" ప్రవీణ విసుక్కుంది.

"ఏమనుకోకు బిడ్డా."

చేవెళ్లలో ఆయన సంచి భుజాన వేసుకుని, కుంటుతూ దిగి, బయలుదేరుతున్న తాండూరు బస్సెక్కాడు.

ఊరికే కసిరానే అని ప్రవీణ మనసు చివుక్కుమంది. దిగుతూ కండక్టర్‌ని అడిగింది.

"ఆయన ఎవలు అన్నా? కమాను దిక్కు అట్ల చూసిండేంది?"

"అంజయ్యన్న మేడం, ఎనుకట ఇదే రూట్ల డ్రైవర్. ఇగ బిడ్డ దగ్గరికే పోతుండు, మల్ల రాడు."

తాండూరు బస్సు మలుపు తిరిగింది.

"రోజూ గా కమాను కాడ నిలబడే పోరి పరీక్షనాడు కనబడలేదని బస్సును ఊళ్ళెకి మలిపిండట, గందుకే నౌకరి పోయింది."