పంతొమ్మిదో డబ్బా

"చిల్లర లేదు," అంది ఆడిటర్.

"ఎంత కావాలమ్మా?" డాక్టరుగారు జేబు తడుముకున్నారు.

"నాక్కాదు. పంతొమ్మిదో డబ్బాలో లేదు."

బల్ల మీద నలభై రెండు రేకు డబ్బాలున్నాయి. నలభై రెండు దుకాణాల్లో ఉండే విరాళాల డబ్బాలవి. నెలకోసారి డబ్బాల బాబాయి సైకిలు మీద వెళ్లి తెస్తాడు. లెక్కపెట్టాక ఖాళీ డబ్బాలకు మూత ఊడకుండా చుట్టూ గుడ్డ కుట్టి, ముడి మీద లక్క వేసి మళ్లీ ఇచ్చొస్తాడు. ఆ డబ్బుతోనూ, ఒక ఫ్యాక్టరీ ఇచ్చే విరాళంతోనూ మందుల గది నడుస్తోంది. డాక్టరు చీటీ తెచ్చిన పేదవాళ్లకు అక్కడ మందులు ఉచితం.

"మిగతా వాటిలో ఒక నెల మూడొందలు, ఒక నెల తొమ్మిదొందలు," అంది ఆడిటర్. "చిల్లర, చిరిగిన నోట్లు, ఒకదాంట్లో చొక్కా గుండీ. ఈ టైలర్ షాపు డబ్బాలో మాత్రం నిరుడంతా నెలకి పన్నెండొందల నలభై. ఈ ఏడాది పదమూడొందల పది. పైన లేదు, కింద లేదు. షాపుకొచ్చేవాళ్లంతా ముందే కూడబలుక్కుని వేస్తారా?"

డాక్టరుగారు నవ్వబోయి ఆగారు. "అంటే?"

"ఎవరో డబ్బా విప్పి, వచ్చిందాంట్లో ఇంత అని ఉంచి, మిగతాది తీసుకుని మళ్లీ కుడుతున్నారేమో."

"కుట్టేది బాబాయి ఒక్కడే."

"నేనా మాట అనలేదు."

"అనక్కర్లేదులే." డాక్టరుగారు కళ్లజోడు తీశారు. "మూడేళ్ల కింద భార్య చీటీ పట్టుకుని వచ్చాడు. ఊరికే తీసుకుంటే ఎలా అని ఈ డబ్బాల పని నెత్తినేసుకున్నాడు. జీతం లేదు."

"అంతకుముందు ఏం చేసేవాడు?"

"చీటీ చూస్తాను. మనిషి పుట్టుపూర్వోత్తరాలు అడగను."

గోడ మీద ఆయన చేతిరాతతో ఒక అట్ట ఉంది. 'మందులు తీసుకునే ఇంటి నుంచి విరాళం తీసుకోం. ఇస్తే మందులు ఆపేస్తాం.'

"లోటులో ఉండి ఈ రూలెందుకండీ?"

"ఇవాళ ఒకడు పది ఇస్తే, చేతిలో పది లేనివాడు రేపు రాడమ్మా. లోటంటావా, ధరలు పెరిగాయి. గుండె మాత్రలే చూడు, మనిషికి నెలకి డెబ్బై పెరిగింది. అయినా సరే, ఆ అట్ట అక్కడే ఉంటుంది."

బాబాయిని పిలిచారు. వస్తూనే ఆడిటర్ సంచీ వైపు చూశాడు.

"హ్యాండిలు ఊడేలా ఉందమ్మా. ఇస్తే కుట్టించుకొస్తా."

"ముందు కూర్చోండి బాబాయ్. పంతొమ్మిదో డబ్బాలో ప్రతి నెలా అంతే వస్తుందేం?"

"అక్కడ అంతే వస్తుందమ్మా."

"ఎందుకని?"

"డబ్బా నోరు విప్పి చెప్తుందా?"

"డబ్బా చెప్పదు. టైలర్ చెప్తాడు. అడ్రసు రాసివ్వండి, రేపు వెళ్తాను."

"అతనితో మీకెందుకమ్మా. మాట పడని మనిషి."

"సంజాయిషీ దొరక్కపోతే శనివారం నేను సంతకం పెట్టను. సంతకం లేకపోతే ఫ్యాక్టరీ విరాళం రాదు. ఈ గదికి తాళమే."

బాబాయి కాగితం అందుకుని అడ్రసు రాశాడు.

"లెక్క తేలేదాకా సైకిలు తాళం చెవి ఇక్కడ పెట్టు," అన్నారు డాక్టరుగారు.

పెట్టాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "మా ఆవిడ గుండె మాత్రలు..."

"తేలేదాకా ఇస్తాం."

"తేలాక?"

డాక్టరుగారు రిజిస్టరు తెరిచి చదువుతున్నట్టు కూర్చున్నారు. బాబాయి వెళ్లాక, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది," అన్నారు నెమ్మదిగా.

మర్నాడు ఆడిటర్ ఆ అడ్రసులోని సందు వెతుక్కుంటూ వెళ్లింది. చివర్లో ఒంటి గది. బోర్డు లేదు. లోపల కుట్టుమిషను నడుస్తోంది.

"పంతొమ్మిదో డబ్బా సంగతి అడుగుదామని," అంది గుమ్మంలో నిలబడి.

మిషను ఆగింది.

ఆమె అక్కడ అరగంట ఉంది.

శనివారం పొద్దున లెక్కల పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టింది. నలభై రెండు పేజీల కింద నలభై రెండు సంతకాలు.

"టైలర్ దొరికాడా?"

"దొరికాడు. డబ్బా ఎవరూ విప్పట్లేదండీ. కస్టమర్లు వేసేదే లేదు. ప్రతి నెలా అతనే సొంతంగా వేస్తున్నాడు. అలాగే రాశాను."

డాక్టరుగారు ఊపిరి వదిలారు. "అనవసరంగా పెద్దమనిషిని అనుమానించాం. టైలర్ పేరు బోర్డు మీద రాయిద్దామా?"

"వద్దన్నాడు."

"మన దగ్గర మందులు తీసుకోడు కదా? రూలుంది."

"రిజిస్టరంతా చూశానండీ. టైలర్ పేరు మీద ఒక్క మాత్ర కూడా లేదు."

"అయితే ఓసారి ఇటు రమ్మను. టీ అయినా ఇద్దాం."

"రమ్మంటే రాడు, వద్దంటే మానడు. అదో రకం మనిషి."

డాక్టరుగారు నవ్వి, తాళం చెవి తీసి ఆమెకిచ్చారు. "నువ్వే ఇవ్వు. నాకు మొహం చెల్లడం లేదు."

బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆడిటర్ తాళం చెవి ఇచ్చింది. సంచీ కూడా ఇచ్చింది.

"హ్యాండిలు పూర్తిగా ఊడింది బాబాయ్. కూలి ఎంత?"

"ఎంతోకంత డబ్బాలో వేయండమ్మా. ఏ డబ్బా అయినా ఒకటే."

అతను చొక్కా కాలరు మడతలోంచి సూది తీసి, ఒక్కసారికే దారం ఎక్కించాడు.

పంతొమ్మిదో డబ్బా టైలర్ అతనే. నెలనెలా అందులో వేసింది భార్య మాత్రల ఖరీదే.