డాక్టరమ్మ ఏమన్నది?

తాండూరు పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చున్న రెబెక్కకు ఫోన్ వంక చూడాలంటేనే భయంగా ఉంది.

ఒళ్లోని ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న. డాక్టరమ్మ ఏమన్నది?

వాళ్లంతా ‘తోడు’ వాట్సాప్ గ్రూపు వాళ్లు. ఫిట్స్‌తో బతుకుతున్నవాళ్లు ఒకరికొకరు ఆసరాగా పెట్టుకున్న గ్రూపు అది.

పొద్దున హైదరాబాద్ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది విని రెబెక్క నమ్మలేకపోయింది. “నిజమేనా మేడం?” అని మళ్లీ అడిగింది. నిజమేనంది డాక్టరమ్మ. అప్పటి నుంచి ఆ మాట గుండె మీద బండలా కూర్చుంది.

ఫిట్స్ మొదలైనప్పుడు ఆమెది పెళ్లీడు. ఖాయమైన సంబంధం తప్పిపోయింది. చర్చిలో ప్రార్థన మధ్య ఒకసారి పడిపోయాక, ఆమె కూర్చునే వరస ఖాళీగా ఉండసాగింది. ధారూర్‌లో అన్న ఇంటికి పోతే, వదిన పసిపిల్లను ఆమె చేతికి ఇవ్వలేదు. ఆ రోజే వచ్చేసింది. తాండూరులో చిన్న గది తీసుకుని, జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కతే ఉంటోంది.

ఆ గదిలోకి మనుషుల మాటలు వచ్చేది ఫోన్లోంచే. “గోలీ ఏసుకున్నవా అక్కా?” అని పొద్దున్నే ఎవరో ఒకరు అడుగుతారు. ఒకపూట ఆమె గొంతు వినబడకపోతే వికారాబాద్ నుంచి సింధుజ ఫోన్ చేస్తుంది. పాఠం చెబుతూ పిల్లల ముందు పడిపోయి, టీచరు ఉద్యోగమే మానేస్తానన్న సింధుజను ఆపింది రెబెక్కే.

రైలు వికారాబాద్‌లో ఆగింది. సింధుజ పరుగున వచ్చి, కాగితంలో చుట్టిన జొన్నరొట్టెలు కిటికీ ఊచల మధ్య నుంచి అందించింది.

“ఏమన్నదక్కా?”

రెబెక్క తల వంచుకుని రొట్టెల పొట్లాన్ని సంచిలో సర్దసాగింది.

“గోలీలు పెంచిందా?”

“లేదు బిడ్డా. అవే.”

“మరి గట్లున్నవేంది? ఏడ్చినవా?”

“ఎప్పటి లెక్కనే ఉన్నదన్నది.”

సింధుజ చెయ్యి లోపలికి పెట్టి ఆమె వేళ్లు పట్టుకుంది. “పరేషాన్ గాకు అక్కా. మనకు మనం ఉన్నం గద.”

ఆ ‘మనం’ అన్న మాటకు రెబెక్క కళ్లు నిండిపోయాయి.

రైలు కదిలింది. ధారూర్ వచ్చింది. వెళ్లింది. ఆమె అటు చూడలేదు. ఫోన్ తీసి, సింధుజతో చెప్పిన మాటనే గ్రూపులో పెట్టింది.

క్షణాల్లో ఓదార్పులు వచ్చిపడ్డాయి. బంట్వారం నుంచి ఎంకయ్య తాత వణికే గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టాడు: “జర ధైర్యంగ ఉండు బిడ్డా. నీకు మేమున్నం.”

ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ మాటను మళ్లీ మళ్లీ వింది.

పొద్దున డాక్టరమ్మ నవ్వుతూ అన్నది, “ఫిట్స్ పూర్తిగా నయమైపోయినయ్ రెబెక్కా, ఇగ నీకు ఏ జబ్బూ లేదు.”