ఫ్లాస్కులో నీళ్ళు

ఆమె కాగితం పొట్లం విప్పి, చచ్చిన చేపను కొట్టాయన బల్ల మీద పెట్టింది.

"ఇది ఆరోది. మీ దగ్గర కొని ఇంకా ఇరవై రోజులు కాలేదు."

ఉప్పునీటి చేపలమ్మే కొట్టు అది. మూడు గోడల నిండా నీలం వెలుతురులో గాజుతొట్లు. కొట్టాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. చేప ఒంటినిండా రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు.

"తెల్లచుక్కల రోగం. కొత్త చేపల్ని తెచ్చీ తేగానే పెద్ద తొట్టిలో వేసేశారా?"

"వెయ్యక?"

"నెల రోజులు విడిగా చిన్న తొట్టిలో ఉంచాలమ్మా. రోగం లేదని తేలాకే కలపాలి. ఒకదానికుంటే అన్నిటికీ అంటుకుంటుంది."

"ఆ మాట కొన్నరోజు చెప్పారా? ఏడూ ఒకేసారి వేసుకోండి, ముచ్చటగా ఉంటాయన్నది మీరే కదండీ!"

కొట్లో ఉన్న నలుగురైదుగురూ ఇటు తిరిగారు. కొట్టాయన మొహం ఎర్రబడింది. గొంతు పెంచాడు.

"ఇంతకీ ఏం పని చేస్తారమ్మా మీరు?"

"ఆసుపత్రి ల్యాబ్‌లో. రక్తపరీక్షలు."

"విన్నారా అండీ! ఊరందరి రోగాలూ ఈవిడే పట్టుకుంటుందిట. ఇంట్లో చేపకొచ్చిన రోగం మాత్రం కనపడలేదుట!"

అందరూ గొల్లుమన్నారు. నవ్వులు ఆగాక ఆయన ఇంకో మాట తగిలించాడు.

"వచ్చే నెల మొదటివారంలో కొత్త సరుకు దిగుతుంది. అప్పుడు రండి. మీకైతే ప్లాస్టిక్ చేపలు తెప్పిస్తాను."

ఆమె పొట్లం చుట్టుకుని బయటికొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది.

ఇంట్లో తొట్టిలో మిగిలింది ఒక్క నీలిచేప. దాని రెక్కల మీదా చుక్కలు మొదలయ్యాయి.

"ఆ నీళ్ళు పారబోసెయ్యవే," అన్నాడు మొగుడు. "దీన్నయినా విడిగా పెట్టి మందెయ్యి."

"వెయ్యను."

"ఇదీ చస్తుందే!"

"చావనివ్వను. రోగాన్నీ పోనివ్వను. కొత్త సరుకు దిగేదాకా రెండూ ఉండాలి."

ఆయన ఆమె మొహంలోకి చూసి, పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేర్చుకుంది ఆమె, మొదటిరోజే నేర్చుకోవలసినవన్నీ. పొద్దున్నే నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచేది. ఆవిరై తగ్గిన మేరకు మంచినీళ్ళు మాత్రమే కలిపేది. వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాకుండా చూసేది. మేత వెల్లుల్లి రసంలో నానబెట్టి, ఒక్కో పలుకే అందించేది. మందుసీసా మాత్రం సీలు కూడా తియ్యకుండా అల్మారాలోనే ఉండిపోయింది. ఆరు చేపల్ని కాపాడుకోలేకపోయిన మనిషి, రోగిష్ఠి చేపను నెల రోజులు బతికించింది. ఆమె రాగానే అది ఈదలేక ఈదలేక అద్దం దగ్గరకు వచ్చేది. అలా వచ్చినప్పుడు ఆమె మొహం తిప్పుకునేది.

రోజూ తొట్టి అడుగునుంచి నాలుగు చుక్కలు సీసాలో పట్టి ల్యాబ్‌కు తీసుకెళ్ళేది. ఎవరూ లేనప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేది. ఒంటినిండా సన్నటి నూగుతో, గుండ్రంగా, రోగం పురుగులు గిరగిరా తిరిగేవి.

"ఉన్నారా నాయనా," అని గొణుక్కునేది. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి."

మొదటివారం వచ్చింది. తొట్టి అడుగునీళ్ళు ఫ్లాస్కులో నింపి, చల్లారకుండా తువ్వాలు చుట్టి, సంచిలో పెట్టుకుని కొట్టుకు వెళ్ళింది.

కొట్లో ఎవరూ లేరు. ఆమెను చూడగానే కొట్టాయన కుర్చీలోంచి లేచాడు.

"రండమ్మా, రండి! మీ కోసమే చూస్తున్నాను. ఒక్క నిమిషం కూర్చోండి," అంటూ గబగబా లోపలి గదిలోకి వెళ్ళాడు.

'ప్లాస్టిక్ చేప తెస్తున్నాడు కాబోలు' అనుకుంది. పళ్ళు కొరుక్కుంటూ చుట్టూ చూసింది. గోడల పొడుగునా పాతిక తొట్లు, అన్నిటి నిండా కొత్త సరుకు. ఎందులో పొయ్యాలి?

బల్ల వెనక, అన్నిటికీ దూరంగా, స్టూలు మీద ఒక చిన్న తొట్టి కనిపించింది. అందులో నారింజరంగు మీద తెల్లపట్టీల చేపలు రెండే రెండు. ఆ తొట్టికి ప్రత్యేకంగా ఒక వల, ఒక మగ్గు. అద్దానికి అతికించిన కాగితం మీద 'అమ్మబడవు' అని రాసుంది.

అంటే ఆయన ముద్దుగా పెంచుకునేవన్నమాట. సరుకు పోతే రేపు ఇంకో సరుకొస్తుంది. పెంచుకున్నవి పోతే తెలుస్తుంది, ఆ బాధేమిటో.

ఆమె లేచి వెళ్ళి ఫ్లాస్కు మూత తీసింది. జంటలో చిన్నది పైకొచ్చి నోరు తెరిచి మూసింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ఆనాటి నవ్వులు చెవుల్లో గొల్లుమన్నాయి. ఫ్లాస్కు వంచేసింది. ఆఖరి బొట్టుదాకా దులిపి, మూత బిగించి, వచ్చి కూర్చుంది. ప్రాణం హాయిగా ఉంది.

కొట్టాయన బయటికొచ్చాడు. చేతిలో చేపలు కట్టిచ్చే పాలిథిన్ సంచి, రబ్బరుబ్యాండు. నేరుగా స్టూలు దగ్గరకు వెళ్ళి, అద్దం మీది కాగితం చింపేశాడు.

"ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేశానమ్మా. ఇంటికెళ్ళి ఏదో ఘనకార్యంలా చెబితే మా ఆవిడ మూడురోజులు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. మర్నాడే ఈ జంటను మీ కోసం విడిగా పెట్టాను."

ఆమె కుర్చీలోంచి లేవబోయింది.

"అన్నయ్య ఇచ్చాడనుకుని పట్టుకెళ్ళండి. ఈసారి మీకే భయమూ అక్కర్లేదమ్మా," అంటూ ఆయన వల ముంచాడు. "నెల రోజులుగా వీటికి బయటి నీళ్ళు ఒక్క చుక్క తగలనివ్వలేదు."