నూకరాజు పింఛను ఇల్లు

పింఛను ఖాతాలోంచి ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్లు కొనుక్కునే కాలం అది. గాజువాకలో పేరున్న ప్లంబరు నూకరాజు కూడా ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చాడు. షరతు ఒక్కటే. అరవయ్యేళ్లు నిండకుండా యజమాని ఆ ఇంటిని వాడుకున్నా, అందులో చెయ్యి పెట్టి పనిచేసినా, ఆ క్షణమే రిటైరైనట్టు. మళ్లీ ఎక్కడా పనిముట్టు పట్టడానికి వీల్లేదు.

అరవై నిండడానికి ఇంకా నెలుందనగా ఆ ఫ్లాటు వంటింట్లో కొళాయి కారింది. నూకరాజు సింహాచలం అనే మరో ప్లంబరుని పిలిచి, వెనకే తనూ వెళ్లాడు.

"చూడండి, ముట్టుకోకండి," అంది షరతుకి కాపలాగా పెట్టిన మాట్లాడే గుమ్మం.

అద్దెకుంటున్న పైడమ్మ కుర్చీ వేసింది. "కూకోండి బావు."

"కూర్చుంటే వాడుకున్నట్టు లెక్కమ్మా."

"పోనీ కాఫీ తాగండి. ఇంటికొచ్చినోళ్లని ఉత్తినే పంపేస్తామేటి?"

"వద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

అవతల సింహాచలం రెంచిని ఎటు తిప్పాలో అటు తప్ప అన్నివైపులా తిప్పుతున్నాడు. నూకరాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు, పళ్లు కొరికాడు, గోడకేసి తిరిగాడు. చివరికి ఉండబట్టలేక రెంచి లాక్కుని ఒక్క తిప్పు తిప్పాడు. కారడం ఠక్కున ఆగిపోయింది.

"శుభాకాంక్షలు నూకరాజు గారూ," అంది గుమ్మం. "మీరు రిటైరయ్యారు."

పైడమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. "ఇప్పుడైతే తాగొచ్చు కదేటి?"

నూకరాజు కుర్చీలో కూలబడి ఒక గుక్క తాగాడు. కాఫీ బాగుంది. అంతలో స్నానాలగదిలోంచి టప్పు టప్పుమని నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది.

అతను గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ తొడల కింద దోపుకుని, వాటిమీద గట్టిగా కూర్చున్నాడు.