కారు ముందు ఉరికినవాడు

ముందుగా మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి. ఒక్క వరుస రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అయినా ఇది ఎవరితోనో రాయించకుండా నేనే రాస్తున్నాను.

1938 ఎండాకాలం. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో, దొర ఉండే గడి ముందు కిరాయి కారు ఆగి ఉంది. కామారెడ్డి నుంచి పిలిపించారు.

దొర కోడలు సుభద్రమ్మకు తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. కాన్పు కష్టమని మంత్రసాని సాలవ్వ చెప్పింది. హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

"బస్సు ఇప్పుడే వస్తది. కామారెడ్డిల దిగి రైలెక్కితే జల్ది పట్నంల ఉంటం" అంది దొరసాని సుగుణమ్మ.

"బస్సా?" దొర కండ్లెర్రజేశాడు. "నా కోడలు బస్సుల కూసుంటదా? పక్కపొంటి ఎవడో కల్లుముంత పట్టుకొని కూసుంటడు. ఊరు ఊరంత చూస్తది."

"పానం మీదికి వచ్చినంక ఎవరు చూస్తేంది?"

"కారుకు పరదాలు కట్టిచ్చిన. సాలవ్వ కాళ్లకాడ కూసుంటది. ఇగ నోరు మూయి."

దొర బండి కదిలితే దాని ముందు ఒక వెట్టి మనిషి ఉరకాలి. దొర భూములున్న ఊళ్లన్నీ దాటేదాకా ఉరకాలి. ఎడ్లబండికి ఉన్న ఆ ఆనవాయితీ కారుకూ వచ్చింది.

రోజూ ఉరికే లస్మయ్య జ్వరంతో పడుకున్నాడు.

గడి వాకిట్లో ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని రొప్పుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన దొరా. జరూరు పని ఉన్నది. ఒక్క మాట..."

"నీ పని తర్వాత. ముందు ఉరుకు."

డ్రైవరుకు నవ్వాగలేదు. "సర్కార్, కారు ముందు మనిషి ఉరుకుడేంది? నేను జర గట్టిగ తొక్కితే కారు కింద ఉంటడు."

"అయితే మెల్లగ తోలు. వాని యెనక తోలు."

"బస్సు ఎల్లారెడ్డిల ఆగి ఉన్నది దొరా, వచ్చేటప్పుడు చూసిన" అన్నాడు కొత్త మనిషి. "బస్సుల పోతేనే జల్ది పోతరు. అప్పుడు ఒకల్ని నా ఎంట..."

మాట పూర్తి కాలేదు. దొర చేతికర్ర అతని వీపు మీద పడింది.

"ఉరుకుడు తప్పించుకునేటందుకు నాకే తెలివి చెప్తవారా!"

అతను ఉరికాడు.

గాలిలా పోవాల్సిన కారు మనిషి కాళ్ల వెనక నడిచింది.

మొదటి ఊళ్లో జనం లేచి దండాలు పెట్టారు. ముందు సీట్లో కూర్చున్న దొర మీసం దువ్వుకున్నాడు. రెండో ఊళ్లోనూ అంతే.

పరదా వెనక సుభద్రమ్మ మూలుగు పెద్దదైంది.

"దొరా, ఆ మనిషిని పక్కకు జరగమనుండ్రి. కోడలమ్మకు ఓపిక లేదు" అని సాలవ్వ మొత్తుకుంది.

"ఇంకా రెండూళ్లున్నయి. ముందర మనిషి లేకుంట పోతే రేపు నన్నెవడు లెక్కజేస్తడు?"

వెనక నుంచి బస్సు వచ్చింది. హారన్ కొట్టి, దుమ్ము లేపి, కారును దాటి పోయింది.

కిటికీలో నుంచి ఎవరో అరిచారు. "ఓ దొరా! నీ కారు కన్న ఆ మనిషే ఉషారున్నడు!"

బస్సంతా నవ్వింది. దొర ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో వెతుక్కున్నాడు.

అప్పుడే కొత్త మనిషి వెనక్కి తగ్గి, కారు పక్కకు వచ్చి పరదా మీద చేయి వేశాడు.

"అవ్వా, ఒక్క మాట..."

"ఆడోళ్ల పరదా ముట్టుకుంటవారా!"

ఈసారి కర్ర చెవి మీద పడింది. నెత్తురు కారింది.

"నీళ్లకేమో దొరా" అంది సాలవ్వ లోపలి నుంచి.

"ఊరు దాటినంక తాగుతడు."

నాలుగో ఊరి పొలిమేర దాటింది. "ఇగ పో" అన్నాడు దొర. కారు దూసుకుపోయింది. అతను దుమ్ములో చేతులు ఊపుతూ వెనక ఉరకడం సాలవ్వ పరదా సందులోంచి చూసింది.

రెండు మైళ్లు కూడా పోలేదు. కారు ఆపాల్సి వచ్చింది. సుభద్రమ్మ కారులోనే, సాలవ్వ చేతుల్లోనే కన్నది. తల్లీ బిడ్డా బతికారు. పట్నం అక్కర్లేకుండానే కారు వెనక్కి తిరిగింది.

"చూసినవా? బస్సుల అయితే ఇంత మర్యాదగ అయితుండెనా?" అన్నాడు దొర, గడిలో దొరసానితో.

ఉరికిన మనిషి ఏమయ్యాడని సాలవ్వ అడిగింది. ఎవరికీ తెలియదు. అతని పేరు ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఆమె లస్మయ్య జ్వరం చూడడానికి పోయింది.

"మహమ్మద్‌నగర్ ఆయన కలిసిండా అక్కా?" అని అడిగాడు లస్మయ్య. "పెండ్లానికి బిడ్డ అడ్డం తిరిగిందట. నిన్ను తోలుకపోతందుకు వచ్చిండు. నువ్వు గడిల ఉన్నవని నేనే పంపిన."

సాలవ్వ ఆ పొద్దే బయల్దేరింది. ఊరి మొదట్లోనే బిడ్డ పోయిందని చెప్పారు. ఆ ఇంటి గడప తొక్కే మొహం లేక తిరిగి వచ్చింది.

ఉరికిన మనిషి చీకటి పడే వేళకు ఉత్త చేతులతో ఇల్లు చేరాడు.

"సాలవ్వ ఏది? ఏ కల్లుకాడ కొట్లాడి తాగొచ్చినవ్?" అంది పెండ్లాం, చెవి దగ్గర నెత్తురు చూసి.

కారు ముందు ఉరికానని, కర్రదెబ్బలు తిన్నానని ఏ మగవాడు చెప్పుకుంటాడు? అతను తల వంచుకున్నాడు. ముప్పై ఎనిమిదేండ్లు, కోపం వచ్చినప్పుడల్లా ఆమె అదే మాటతో పొడిచింది. అతను ఒక్కసారీ బదులు చెప్పలేదు.

అతను పోయిన పదకొండో దినం ముసలి సాలవ్వ కర్ర పట్టుకుని వచ్చి, నా ముందు కూలబడి ఇదంతా చెప్పినప్పుడు తెలిసింది, నేను తాగుబోతని తిట్టిన నా మైసన్న ఆ పొద్దు నా కోసమే ఉరికాడని.

ఈరవ్వ
డెబ్బై ఎనిమిదేండ్లు
ఇప్పుడు ఉండేది కామారెడ్డిలో