కింది సగం

"'మా అవ్వ చెప్పింది' అని రాస్తే యూనివర్సిటీ ఒప్పుకోదమ్మా," అన్నాడు అమరేందర్, బైకు దిగి హెల్మెట్ తీస్తూ. "అచ్చయిన పుస్తకమో, శాసనమో, ఏదో ఒక ఆధారం ఉండాలె. లేకుంటే ప్రాజెక్టు వాపస్. ప్రాజెక్టు లేకుంటే నాలుగు క్రెడిట్లు రావు. అవి రాకుంటే డిగ్రీ రాదు."

ఇంటి వాకిట్లో నిలబడ్డ గ్లోరీ తల వంచుకుంది. బీఏ చివరి సెమిస్టర్. తెలంగాణ చరిత్ర, సంస్కృతి ఆమె చదువు. సొంతూరి నోటి సాహిత్యం ఏదైనా సేకరించి ఇరవై పేజీలు రాయమంటే తోటివాళ్లు బతుకమ్మ పాటలు తెచ్చి సులువుగా గట్టెక్కారు. ఈ పిల్ల మాత్రం ఇంట్లో అవ్వ చెప్పే జోలపాట అంటూ ఒకటి పట్టుకొచ్చింది. అందులో సగం మాటలకు అర్థం ఈమెకే తెలియదు.

అమరేందర్ ఆమెకు పాఠం చెప్పే సారు. మామూలుగానైతే వాపస్ అని రాసి చేతులు దులుపుకునేవాడే. కానీ మూడో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాడు. మర్తురు. కాకతీయుల నాడు నేలను కొలిచిన కొలత అది. ఇప్పుడు శాసనాల్లో తప్ప ఎవరి నోటా వినిపించదు. మోత్కూర్ పక్క పల్లెలో ఒక ముసలమ్మకు అదెట్లా తెలిసింది? శాసనాల పుస్తకం తిరగేస్తే అందులో గ్లోరీ వాళ్ల ఊరి పేరు కనబడింది. ఇంకేముంది, మిగతా పేజీలు కూడా చూడకుండా ఆ లావుపాటి పుస్తకాన్ని సంచిలో వేసుకుని ఉన్నపళంగా బయలుదేరాడు. సాయంత్రం ఐదింటికల్లా మార్కులు పంపాలి మరి.

గ్లోరీ నాయనమ్మ ఈదమ్మ అప్పుడే బత్తాయి తోటలో ఒంటిపూట కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"అవ్వా, మీ మనవరాలు రాసింది నీ నోట వినాలని వచ్చిన. జర చెప్తవా?"

ఈదమ్మ అటూ ఇటూ చూసింది. "చెప్తే పిల్ల పాసైతదా సారూ?"

"చూద్దాం."

"చూద్దామంటే ఎట్ల? బయటోళ్ల ముంగట ఎన్నడు నోరు తెరవలె మేము. ఇంట్లనే, గడప లోపట్నే. పిల్ల సదువు ఆగుతదంటున్రని చెప్తున్న." కొంగు సర్దుకుని గోడకు ఆనుకుంది.

"సొస్తి సిరి సకవరుసములు..."

అమరేందర్ పుస్తకంలో ఆ పేజీ మీద వేలు పెట్టాడు. స్వస్తి శ్రీ శకవర్షములు. మొదటి పంక్తి. అవ్వ ముందుకు పోతుంటే అతని వేలు కూడా అచ్చు వెంట పోయింది. రెండో పంక్తి, మూడోది, నాలుగోది. పలుకు మోటుగా ఉంది గానీ మాట తర్వాత మాట అదే. చెరువు తవ్వించిన సామంతుడి పేరు, అతని తండ్రి పేరు, తిథి, వారం. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

"ఓరి దేవుడా!" అన్నాడు. "అవ్వా, ఆ రాయి మీద రాసింది నీకెవరు చదివి చెప్పిన్రు?"

"ఏ రాయి?"

"ఊరి నడుమ గచ్చు మీద ఉన్నది సూడు, విరిగిన రాయి."

"ఆ గచ్చు కాడికి మమ్మల్ని ఎక్కడ రానిచ్చేటోళ్లు సారూ? నాకు అచ్చరం ముక్క రాదు."

అమరేందర్ మళ్లీ పుస్తకంలోకి చూశాడు. తొమ్మిదో పంక్తి కింద సన్నని అక్షరాలు: 'ఇక్కడ రాయి విరిగినది. కింది సగం లభించలేదు. దానం ఎవరికి, ఎంత అనేది తెలియదు.'

కానీ ఈదమ్మ ఆగలేదు.

"...తోలు మోట బొక్కెన కుట్టిన పోచనికి నాలుగు మర్తురుల నీరునేల. తూర్పున ఏనుగు గుండు, పడమర వాగు, ఉత్తరాన తూము కాలువ, దచ్చినాన ఎర్ర పుట్ట. పోచని కొడుకులకు, కొడుకుల కొడుకులకు, సూరుడు చంద్రుడు ఉన్నన్నాళ్లు. దీన్ని చెరిపినోడు గంగ గట్టున కవిలను సంపిన పాపాన పోవు."

అమరేందర్‌కు ఒళ్లంతా పులకరించింది. రాయి ఓడిపోయింది, నోరు గెలిచింది. ఏడు వందల ఏళ్లు! రాజులు పోయారు, నవాబులు పోయారు, పటేళ్లు పట్వారీలు పోయారు. ఈ రెండు గదుల రేకుల ఇంట్లో మాత్రం ఒక్క మాట జారిపోలేదు. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

"కవిల అంటే ఏంది సర్?" అంది గ్లోరీ మెల్లగా.

"గోవు. అవ్వా, నీకెవరు నేర్పిన్రు?"

"మా అత్త. ఆమెకు ఆమె అత్త. ఒక్క మాట పొల్లు పోతే ఆ పూట గటుక పెట్టకపోయేది. ఏడ్సుకుంట నేర్సుకున్న. ఏసు ప్రభువును నమ్ముకున్నంక గూడ ఇడ్సిపెట్టలె. పొద్దుగాల ప్రార్థన, ఆ ఎనక ఇది."

ఒక పాట మీద ఇంత ప్రేమా అని అమరేందర్ ఆశ్చర్యపోయాడు. పస్తులుంచి మరీ కాపాడుకున్నారంటే వీళ్లకు కళ అంటే ఎంత ప్రాణమో! పెన్ను తీసి ప్రాజెక్టు ఫారం మీద నూటికి తొంభై ఎనిమిది వేశాడు. గ్లోరీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పాసైందా సారూ?" అంది ఈదమ్మ.

"పాస్ ఏంది అవ్వా, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నీ ఇంటికి వస్తరు సూడు. ఇగ ఒక్కటే మిగిలింది." ఫారం చివరి గడి మీద పెన్ను పెట్టాడు. అక్కడ గ్లోరీ 'జోలపాట' అని రాసింది. "ఇక్కడ ఏ రకమో రాయాలె. నాకైతే ఇది జోలపాటలెక్క లేదు. మీ ఇంట్ల దీన్ని ఏమంటరు? పాటంటరా, కథంటరా?"

ఈదమ్మ అతని వంక వింతగా చూసింది.

"మా భూమి పట్టా సారూ."