అరచేతిలో పిస్తోలు

“దాని చేతుల్లో ఏముందంట, నా చేతుల్లో లేనిది?”

కొండమ్మ మంచినీళ్ళ బిందెని కల్లం గట్టు మీద దబ్బున దించింది. సగం నీళ్ళు మొగుడు యలమంద కాళ్ళ మీదే పడ్డాయి. అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఊళ్ళో సినిమా వాళ్ళు దిగిన మూడు రోజుల్నుంచీ పెళ్ళాం ముందు నోరు తెరవకపోవడమే మంచిదని అతనికి అర్థమైపోయింది.

కల్లంలో ఎర్రటి మిరప రాశి పక్కన ఆమె తోడికోడలు బిందుమాధవి నిలబడి ఉంది. ఆ పిల్ల ఒక చేతిలో బుల్లి పిస్తోలు, ఇంకో చేతిలో ఫోను. సినిమా వాళ్ళు నలుగురూ ఆ ఫోను మీదికి వంగి, “అబ్బ, చేతులంటే ఇవీ!” అని తెగ మెచ్చుకుంటున్నారు.

సంగతేమిటంటే, వాళ్ళు తీసే వెబ్ సిరీసులో హీరోయిన్ మిరప రైతు. పగవాడు మీదికొస్తుంటే, రాశిలో దాచిన పిస్తోలుని అరచేతిలో పెట్టుకుని పైకి తియ్యాలి. రెండో టేకుకే హీరోయిన్ చేతులు మంటెత్తి, “అమ్మో” అంటూ ఐసు డబ్బాలో ముంచి కారెక్కేసింది. అందుకని దగ్గరగా చూపించే ఆ ఒక్క షాటుకీ మిరపకాయలకి అలవాటుపడ్డ ఆడమనిషి చేతులు కావాలి. తెర నిండా చేతులే!

బిందు వంట చూసుకోవాలంటూ ఇంటికి వెళ్ళగానే కొండమ్మ మెల్లగా అటు నడిచింది. పగిలిపోయిన చేతులు ఎవరి కంటా పడకుండా కొంగు కింద దాచుకుంది. పిస్తోలుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్న నాగూర్ వలి దగ్గర ఆగింది. సినిమాలకి తుపాకులు, కత్తులు సప్లై చేసేది అతనే.

“ఇంతే ఉందేం బాబూ? ఇది కూడా తుపాకేనా?”

“ఉత్తుత్తిదేనమ్మా, పేలదు. అలాగని తక్కువగా చూడకండి. పద్నాలుగు సినిమాల్లో చేసింది. హీరోయిన్ హ్యాండ్‌బ్యాగులో ఇదే, విలన్ మేజోడులో ఇదే. ఒక సినిమాలో బూరెల గిన్నెలో కూడా దాక్కుంది. పెద్ద తుపాకులు మా గోడౌన్లో తుప్పు పడుతుంటే దీనికి తీరికే లేదు. అరచేతిలో ఇమిడిపోతుంది కదా, అదీ దీని అదృష్టం.”

ఆఖరికి ఈ ఇనప ముక్కక్కూడా అదృష్టం ఉంది, నాకే లేదు అనుకుంది కొండమ్మ. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, ఒక్క ఏడన్నా నిండుగా కాయలు కొయ్యలేదు, ఆ బిందు చేతులు ప్రపంచమంతా చూస్తుందా? ఇరవై ఏళ్ళుగా తాలుకాయలు ఏరి ఏరి అరగదీసుకున్న చేతులు ఇక్కడుంటే! ఆమె కడుపుమంట ముందు ఆ రాశి మంట ఏపాటి?

సాయంత్రం బిందు నవ్వుతూ వచ్చి పక్కన కూచుంది.

“అక్కా, రేపు పదింటికి నువ్వు కల్లానికి రావాలి. తప్పకుండా.”

“ఎందుకే? నీ చేతులు చూసి చప్పట్లు కొట్టడానికా?”

“ఇప్పుడే చెప్పేస్తే ఏం బాగుంటుంది? వస్తే నీకే తెలుస్తుందిగా.”

“చాల్చాల్లే సంబడం!”

బిందు ఇంకా నవ్వింది. ఆ నవ్వుతో కొండమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. వస్తానే, వచ్చి నీ నోటి దగ్గర ముద్ద లాక్కుంటానే అనుకుంది. దొడ్లోకి వెళ్ళి గోరింటాకు దూసుకొచ్చింది. చింతపండు కలిపి వెన్నలా రుబ్బింది. నిమ్మచెక్కతో గోళ్ళ నలుపు వదిలేదాకా తోమింది. పగుళ్ళని రాయితో అరగదీసి నెయ్యి రాసింది. కుడి అరచేతి మధ్యలో ఎప్పుడో కొడవలి తెగిన గాటు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. పోకపోతే పీడా పోయిందని దాని మీద ఇంత పెద్ద చందమామ పెట్టేసి, పది వేళ్ళకీ టోపీలు పెట్టుకుంది.

తెల్లారేసరికి మందారంలా పండింది.

పదింటికి కల్లంలో కెమెరా సిద్ధంగా ఉంది. అక్కని చూడగానే బిందు ఎదురొచ్చింది. కొండమ్మ ఆ పిల్లని భుజంతో పక్కకి నెట్టి, నాగూర్ వలి ముందు రెండు చేతులూ చాపింది.

“చూడండి బాబూ! వీటిలో పెట్టండి మీ పిస్తోలు. దాని చేతులకంటే ఇవెందులో తీసిపోయాయో మీరే చెప్పండి!”

వలి చూశాడు. “గోరింటాకు బ్రహ్మాండంగా పండిందమ్మా. కానీ ఈ చేతులు మాకు పనికిరావు.”

“అంటే దానివే కావాలా?”

“ఈ అమ్మాయివి కూడా కాదమ్మా. నిన్న పిస్తోలు చేతిలో పెడితే, ‘కాయలు కోసిన చేతులంటే నావి కాదు, ఇవీ’ అని తన ఫోన్లో ఒక ఫోటో చూపించింది. మా డైరెక్టరు గారు అక్కడికక్కడే ఖాయం చేసేశారు. ఆవిడ కోసమే పొద్దున్నుంచీ కూచున్నాం.”

కొండమ్మ బిందు వైపు తిరిగింది. ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అక్క చేతుల్నే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

వలి తన ఫోను తీసి కొండమ్మ ముందు పెట్టాడు. నల్లబడ్డ గోళ్ళు, పగిలిన వేళ్ళు, చాపిన కుడి అరచేతి అంచున నాలుగు తెల్లబారిన తాలుకాయలు. నడిమధ్యన కొడవలి గాటు.

“ఈ గాటు చూసేనమ్మా మా డైరెక్టరు గారు మనసు పారేసుకున్నారు. మీ ఊరావిడేనంట, ఇంకా రాలేదేం? మీకేమన్నా తెలుసా?”